ఐదు రోజుల చూపు, ఐదంతస్తుల మౌనం

2024 మార్చి 17, ఆదివారం అర్ధరాత్రి. కోల్‌కతా నగరానికి నైరుతి కొనలో, హుగ్లీ నది ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్ - గార్డెన్ రీచ్ ప్రాంతంలో నిర్మాణంలో ఉన్న ఐదంతస్తుల భవనం ఒకటి పక్కనున్న పేదల ఇళ్ల మీద కుప్పకూలింది. రంజాన్ మాసం. పగలంతా ఉపవాసం ఉండి నిద్రకు ఉపక్రమించిన కుటుంబాలు శిథిలాల కింద చిక్కుకున్నాయి. పది మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తెల్లవారేసరికి ముఖ్యమంత్రి వచ్చారు, మేయర్ వచ్చారు, విపక్ష నాయకులు వచ్చారు. భవనానికి అనుమతి లేదని నగరపాలక సంస్థే అంగీకరించింది. బిల్డరును అరెస్టు చేశారు. ఇంజనీర్లకు నోటీసులు వెళ్లాయి. చెరువును పూడ్చిన నేల మీదే ఆ కట్టడం లేచిందన్న ఆరోపణ అప్పుడు గట్టిగా వినిపించింది. లోక్‌సభ ఎన్నికల ప్రచారం వేడెక్కేసరికి ఆ గొంతులన్నీ సద్దుమణిగాయి.

ఆ తేదీకి మరొక ప్రాముఖ్యం ఉంది. సరిగ్గా 36 ఏళ్ల క్రితం, 1988 మార్చి 17న, భారతదేశపు తొలి కార్యాచరణ దూరసంవేదన ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఎ బైకనూర్ నుంచి కక్ష్యలోకి వెళ్లింది. పంటలను, అడవులను, జలవనరులను దేశం తన సొంత కంటితో చూసుకోవడం ఆ రోజున మొదలైంది. ఆ తరువాతి మూడున్నర దశాబ్దాలలో ఆ కన్ను ఎంతో పదునెక్కింది. అయినా ఒక మహానగరం నడిబొడ్డున నీరు మట్టిగా, మట్టి కాంక్రీటుగా మారిపోతుంటే అడ్డుకున్నవారు లేరు. ఆకాశం చూసిందా, చూడలేదా? చూసి ఉంటే ఆ చూపు ఏ కార్యాలయపు మెట్ల దగ్గర ఆగిపోయింది? పర్యావరణ పునరుద్ధరణకు ఉపగ్రహ సమాచారమే రాచబాట అని ప్రభుత్వాలు చెబుతున్న ఈ రోజులలో మెటియాబ్రుజ్ నిలదీసి అడగవలసిన ప్రశ్న ఇదే.

మట్టి బురుజు, నీటి పేట

మెటియాబ్రుజ్ అన్న పేరుకు మట్టి బురుజు అని అర్థం. 1856లో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని కాజేసిన తరువాత పదవీచ్యుతుడైన నవాబు వాజిద్ అలీ షా ఇక్కడికే వచ్చి స్థిరపడ్డాడు. లక్నో వైభవాన్ని తోటలతో, జంతుశాలతో, సంగీతంతో ఈ నదీతీరాన మళ్లీ కట్టుకునే ప్రయత్నం చేశాడు. 1887లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన సమాధి ఉన్న సిబ్తైనాబాద్ ఇమాంబాడా ఇప్పటికీ నిలిచి ఉంది; ఆ తోటలు లేవు. నదికి అవతలి ఒడ్డున 1787లో నెలకొన్న బొటానికల్ గార్డెన్ ఉంది. సామర్లకోటలో కోరమండల్ మొక్కల మీద పరిశోధన చేసిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో వెళ్లి బాధ్యతలు స్వీకరించినది ఆ తోటకే. తెలుగువారికి గార్డెన్ రీచ్‌తో ఇంకా దగ్గరి బంధుత్వమూ ఉంది. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేవరకు వాల్తేరు డివిజన్ మంచిచెడ్డలన్నీ ఆ కార్యాలయంలోనే తేలేవి.

నేటి మెటియాబ్రుజ్ దర్జీల పేట. ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్లు, వెనుకగదిలో కాపురం. పెట్టుబడి పెట్టి పనివారిని కుదుర్చుకునే యజమానిని ఇక్కడ ఒస్తాగర్ అంటారు. ఇక్కడ కుట్టిన దుస్తులు వారపు హాట్‌ల నుంచి దేశమంతటికీ వెళతాయి. వ్యాపారం పెరిగింది, కుటుంబాలు పెరిగాయి, వలస వచ్చిన పనివారు పెరిగారు. నేల మాత్రం పెరగలేదు. పెరగని నేలను పుట్టించే మార్గం ఒక్కటే మిగిలింది. అది పుకుర్‌ను పూడ్చడం.

పుకుర్ అంటే మన కుంట. బెంగాల్ పల్లపు నేలలో ఇంటి కోసం మట్టి తవ్వుకున్న గొయ్యే పుకుర్ అవుతుంది. అందులో చేపలు పెరుగుతాయి, దాని గట్టున స్నానాలు సాగుతాయి, వానాకాలంలో వీధి నీరు అందులోకే చేరుతుంది. హుగ్లీలో పోటు ఎక్కినప్పుడు నగరపు మురుగు కాలువలు నదిలోకి సాఫీగా పారవు. ఆ కొన్ని గంటలు వాన నీటిని పట్టి ఉంచవలసింది ఈ కుంటలే. ఇరుకు సందుల్లో గుడ్డ తానుల నిల్వలకు నిప్పంటుకుంటే అగ్నిమాపక దళానికి అందే నీళ్లూ ఇవే. పుకుర్ పోయిన వీధికి వానలో వరద, వేసవిలో మంటల భయం ఏకకాలంలో వచ్చిపడతాయి. 2023లో వెలువడిన దేశపు తొలి జలవనరుల గణన 24 లక్షలకు పైగా జలవనరులను లెక్కించింది. వాటిలో 7.47 లక్షలు ఒక్క పశ్చిమ బెంగాల్‌వే. రాష్ట్రాలన్నిటిలో ఆ రాష్ట్రానిదే మొదటి స్థానం. సంఖ్యలో ప్రథమ స్థానం దక్కినంత మాత్రాన ఒక్కొక్క కుంటకు కాపలా దక్కదు.

చట్టం 400 గజాలు, పటం ఐదున్నర ఎకరాలు

బెంగాల్‌లో చట్టం లేదని ఎవరూ అనలేరు. 1984 నాటి లోతట్టు మత్స్య చట్టానికి 1993లో చేర్చిన 17ఎ సెక్షన్ స్పష్టంగా ఉంది. ఐదు కాఠాలు, అంటే 0.035 హెక్టార్లు, అంతకు మించిన విస్తీర్ణంతో, ఏడాదిలో కనీసం ఆరు నెలలు నీరు నిలిచే ఏ జలాశయాన్నీ పూడ్చరాదు. అది ప్రైవేటు ఆస్తి అయినా సరే. తెలుగు లెక్కలో చెబితే సుమారు 400 గజాల కుంటకు సైతం రక్షణ ఉంది. ఇంత చిన్న నీటికి ఇంత గట్టి రక్షణ ఇచ్చిన చట్టాలు దేశంలో అరుదు.

ఇప్పుడు ఉపగ్రహ పటం సంగతి చూడాలి. అహ్మదాబాద్‌లోని ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ 2006-07 నాటి ఉపగ్రహ చిత్రాలతో జాతీయ చిత్తడినేలల అట్లాస్‌ను రూపొందించి 2011లో వెలువరించింది. ప్రపంచంలోని పెద్ద దేశాలలో ఇంత సమగ్రమైన పని చేసినవి కొద్ది మాత్రమే. అందులో 2.25 హెక్టార్లకు మించిన 2,01,503 చిత్తడినేలలకు సరిహద్దులు గీశారు. అంతకంటే చిన్నవైన 5,55,557 జలాశయాలు పటం మీద ఒట్టి చుక్కలుగా మిగిలాయి. 2017-18 చిత్రాలతో చేసిన రెండో అట్లాస్‌లో పెద్ద చిత్తడినేలల సంఖ్య 2,31,195కు చేరింది. ఎం.కె. బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలో రక్షణ కల్పించినది మొదటి జాబితాకే. 2024 డిసెంబరులో క్షేత్రస్థాయి నిర్ధారణ జరపాలని ఆదేశించినది రెండో జాబితాకే. రెండింటికీ గీటురాయి 2.25 హెక్టార్లు, అంటే దాదాపు ఐదున్నర ఎకరాలు.

రాష్ట్ర చట్టం చూపు 0.035 హెక్టార్ల దగ్గర మొదలవుతుంది. జాతీయ పటం చూపు 2.25 హెక్టార్ల దగ్గర మొదలవుతుంది. మధ్యలో 64 రెట్ల తేడా. మెటియాబ్రుజ్ పుకుర్లు సాధారణంగా ఆ తేడాలోనే బతుకుతున్నాయి, ఆ తేడాలోనే చస్తున్నాయి. పైగా 2017 నాటి కేంద్ర చిత్తడినేలల నిబంధనలు తాగునీటికి, చేపల పెంపకానికి, సేద్యానికి మనిషి తవ్వుకున్న జలాశయాలను నిర్వచనం నుంచే తప్పించాయి. మనిషి తవ్వని చెరువు బెంగాల్ వీధులలో ఎక్కడ దొరుకుతుంది? మన పల్లెలలో మాత్రం ఎక్కడ దొరుకుతుంది?

ఈ గుడ్డితనం సాంకేతిక అవసరం నుంచి పుట్టింది. తొలి అట్లాస్‌కు వాడిన లిస్-3 కెమెరాకు ఒక చుక్క అంటే నేల మీద 23.5 మీటర్ల చదరం. ఆ ఒక్క చుక్క విస్తీర్ణం 550 చదరపు మీటర్లు. ఐదు కాఠాల కుంట మొత్తం 350 చదరపు మీటర్లే. కెమెరా కంటికి చెరువు, గట్టు, పక్కింటి కప్పు అన్నీ కలిసి ఒకే మసక రంగు. అప్పటి పరిమితిని తప్పుపట్టలేము. అయితే ఆ పరిమితి ఎప్పుడో దాటిపోయింది. ఐరోపా సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు 10 మీటర్ల స్పష్టతతో ప్రతి ఐదు రోజులకొకసారి అదే నేలను చూస్తున్నాయి. ఆ చిత్రాలు ఎవరికైనా ఉచితం. మన లిస్-4 కెమెరా స్పష్టత 5.8 మీటర్లు, ఐదు కాఠాల కుంట అందులో పది చుక్కలవుతుంది. 2019 నవంబరులో ఎగిరిన కార్టోశాట్-3 అర మీటరు కంటే చిన్న వస్తువునూ పట్టుకోగలదు. వానాకాలపు మబ్బుల చాటున మట్టి పోసే తెలివిపరులు ఉంటారనుకున్నా, మబ్బును చీల్చుకుని చూసే రాడార్ ఉపగ్రహాలు ఉన్నాయి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఆ వరుసలోనిదే. రాడార్ చిత్రంలో ప్రశాంతమైన నీరు నల్లగా కనిపిస్తుంది. అందులో మట్టి పడితే ఆ నలుపు చెదిరిపోతుంది. నేరానికి అంతకంటే సూటి సాక్ష్యం ఏముంటుంది?

కాలమే న్యాయం

ఇక్కడే ఈ చర్చకు ప్రాణం ఉంది. ఉపగ్రహం ఏమి చూస్తుందన్న దానికంటే ఎప్పుడు చూస్తుందన్నది ముఖ్యం.

ఒక పుకుర్ చావడానికి దశలున్నాయి. మొదట గుర్రపుడెక్క పెరగనిస్తారు. తరువాత చెత్త పడుతుంది. ఆ తరువాత రాత్రివేళ కూల్చిన ఇళ్ల రద్దు లారీలలో వస్తుంది. కొన్ని నెలలకు నేల గట్టిపడుతుంది. స్తంభాలు లేస్తాయి. గదులు అమ్ముడవుతాయి. చివరికి, ఊరు వదిలి వచ్చిన ఒక దర్జీ తన జీవితకాలపు పొదుపు పోసి అందులో ఒక గది కొనుక్కుంటాడు. అతని పేరు మీద కరెంటు మీటరు వస్తుంది, ఓటరు కార్డు వస్తుంది. అప్పుడు ప్రభుత్వానికి చట్టం గుర్తుకొస్తుంది. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు ఇన్‌స్పెక్టర్లు వస్తారు. ఆ వేళకు పూడ్చినవాడు లాభం తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు. శిక్ష పడేది గది కొన్నవాడికి, లేదా భవనం కూలినప్పుడు పక్క రేకుల ఇంట్లో పడుకున్నవాడికి.

ఆలస్యంగా పనిచేసే నిఘా పేదవాడిని పట్టుకుంటుంది. ముందుగా పనిచేసే నిఘా లారీ తోలించినవాడిని పట్టుకుంటుంది. పునరుద్ధరణ పేరుతో ఇళ్లు కూల్చుతారని భయపడే పేదల పక్షపాతులు నిజానికి కోరవలసినది కూడా ఈ ముందస్తు నిఘానే. ఐదు రోజులకొక చిత్రం అందుబాటులో ఉన్నప్పుడు, ఐదు అంతస్తులు లేచేవరకు ఎవరికీ తెలియలేదన్న వాదన ఇక చెల్లదు. తెలియకపోవడం వేరు, తెలుసుకోదలచుకోకపోవడం వేరు.

రాజకీయులు ఈ విషయాన్ని ఎందుకు పట్టించుకోరో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఒక హెచ్చరిక తేదీతో సహా నమోదైతే, దాన్ని అందుకున్న అధికారి పేరు కూడా నమోదవుతుంది. "మా దృష్టికి రాలేదు" అన్న మాట పాలనలో అన్నిటికంటే విలువైన ఆస్తి. నిఘా వ్యవస్థ మొట్టమొదట ఆ ఆస్తినే జప్తు చేస్తుంది. 1993 సవరణ తెచ్చిన వామపక్షాలు ఆ తరువాత 18 ఏళ్లు అధికారంలో ఉన్నాయి. 2011లో తృణమూల్ వచ్చింది. ఏ జెండా ఎగిరినా మెటియాబ్రుజ్‌లో పుకుర్ మీద మట్టి పడుతూనే వచ్చింది. ఢిల్లీ పాలకులు బెంగాల్ అక్రమ కట్టడాలను ఎన్నికల సభలలో ఏకరువు పెడతారు గాని, అతిసూక్ష్మ ఉపగ్రహ చిత్రాలు పౌరుల చేతికి ఎందుకు సులువుగా అందవో చెప్పరు. ప్రస్తుత విధానం ప్రకారం 5 మీటర్లు, అంతకంటే ముతక చిత్రాలు అందరికీ ఉచితం. వాటికంటే సూక్ష్మమైనవి ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఉచితం. అంటే, 400 గజాల కుంటను స్పష్టంగా చూపగల చిత్రాన్ని నగరపాలక సంస్థ ఉచితంగా పొందగలదు. ఆ కుంట పక్కన నివసించే పౌరుడు డబ్బు పోసి కొనుక్కోవాలి.

కళ్లు తెరిచిన చోట, మూసుకున్న చోట

ముందస్తు నిఘాకు ప్రపంచంలో పెద్ద ఉదాహరణ బ్రెజిల్. అమెజాన్ అడవి నరికివేతను దాదాపు అప్పటికప్పుడు పసిగట్టే డెటెర్ వ్యవస్థను అక్కడి జాతీయ అంతరిక్ష పరిశోధన సంస్థ 2004లో ప్రారంభించింది. ఆ ఏడాది 27 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న నరికివేత 2012 నాటికి 4,600 దరిదాపులకు తగ్గింది. చిత్రాలు ఒక్కటే ఆ పని చేయలేదు. చిత్రం వచ్చిన వెంటనే తనిఖీ బృందం కదిలింది; నేరం జరిగిన మండలాలకు బ్యాంకు రుణాలు బిగుసుకున్నాయి; సమాచారం బహిరంగంగా ఉంది. 2019లో అధ్యక్షుడు బోల్సొనారోకు ఆ లెక్కలు నచ్చలేదు. సంస్థ అధిపతి రికార్డో గల్వావో పదవి పోయింది. ఉపగ్రహం మాత్రం తిరుగుతూనే ఉంది, లెక్కలు వెలువడుతూనే ఉన్నాయి. చెడ్డ వార్త తెచ్చినవాడిని శిక్షించగలిగారు గాని వార్తను చెరిపివేయలేకపోయారు. సమాచారం జనం చేతిలో ఉంటే కలిగే మేలు అది.

తెలుగునాట ఇందుకు విరుద్ధమైన పాఠం కొల్లేరు. 2001 నాటి ఐఆర్‌ఎస్-1డి చిత్రాలను విశ్లేషించిన పరిశోధకులు సరస్సు విస్తీర్ణంలో సుమారు 42 శాతం చేపల చెరువులుగా మారిందని 2004లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించారు. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సార్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన సరస్సు అది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట ఐదో కాంటూరు వరకు గట్లు పేల్చివేశారు. దేశమంతా మెచ్చుకుంది. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని అదే శాసనసభ తీర్మానించింది. కుదింపు తగదని అజీజ్ కమిటీ చెప్పింది. ఈలోగా గట్లు తిరిగి లేచాయి. ఉపగ్రహం ఎన్నడూ తప్పు చెప్పలేదు. దాని మాటను విధానం వినడం మానేసింది. కూల్చిన గట్టు చోట నీరు నిలుస్తోందా, చేపల చెరువు మళ్లీ వచ్చిందా అని ఏటా చూసి, చూసింది సభ ముందు పెట్టే ఏర్పాటు ఉండి ఉంటే కొల్లేరు కథ వేరుగా ఉండేది.

హైదరాబాద్‌లో 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా చెరువుల హద్దులు తేల్చడానికి జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్ పాత చిత్రాలను ఆశ్రయించింది. ఆ సెంటర్ ఉన్నదీ హైదరాబాద్ బాలానగర్‌లోనే. దేశపు కన్ను కొలువైన నగరంలోనే చెరువులు కళ్లెదుట మాయమయ్యాయన్నది చేదు నిజం. పెద్దల కట్టడాలను కదిలించినప్పుడు ఆ సంస్థకు చప్పట్లు దక్కాయి. ఏళ్ల తరబడి కాపురం ఉన్న మధ్యతరగతి ఇళ్ల మీదికి యంత్రాలు వెళ్లినప్పుడు హైకోర్టు ప్రశ్నలు ఎదురయ్యాయి. పాత చిత్రంతో కొత్త ఇల్లు కూల్చడం నిఘా అనిపించుకోదు. అది ఆలస్యానికి కట్టే వడ్డీ. ఆ వడ్డీ ఎవరు కట్టాలన్నదే రాజకీయం. మెటియాబ్రుజ్ ఆ దారి పట్టకూడదు.

పచ్చదనమంతా ప్రాణం కాదు

ఉపగ్రహాన్ని సర్వసాక్షిగా కొలిచేవారికి ఒక హెచ్చరిక అవసరం. పై నుంచి చూసేవాడికి రంగు కనిపిస్తుంది; రుచి, వాసన, లోతు కనిపించవు. గుర్రపుడెక్క కమ్మిన చెరువు ఉపగ్రహ సూచికలలో నవనవలాడే పచ్చిక బయలుగా నమోదవుతుంది. ఊపిరాడక చచ్చిపోతున్న నీటికి ఆరోగ్యపత్రం దొరుకుతుంది. దాన్ని శుభ్రం చేస్తే పచ్చదనం తగ్గినట్లు పటం చెబుతుంది. మహేష్‌తలా వైపు జీన్స్ ఉతికి రంగులద్దే యూనిట్ల వ్యర్థజలం ఒక పుకుర్‌లో చేరితే దాని విస్తీర్ణం ఒక్క గజం తగ్గదు. అందులో చేప మాత్రం మిగలదు. అటవీ సర్వే లెక్కలలో యూకలిప్టస్ తోట, సహజారణ్యం ఒకే ఖాతాలో పడడం మీద ఎన్నేళ్లుగానో వివాదం ఉన్నది ఇందుకే. ఐక్యరాజ్యసమితి 2021-2030ని పర్యావరణ వ్యవస్థల పునరుద్ధరణ దశాబ్దంగా ప్రకటించింది. 2030 నాటికి 2.6 కోట్ల హెక్టార్ల క్షీణించిన భూమిని బాగుచేస్తామని భారత్ మాట ఇచ్చింది. ఇంత పెద్ద అంకెలను ఆకాశం నుంచి తప్ప కొలవలేము. అయితే ఆకాశం నుంచి మాత్రమే కొలిస్తే, పచ్చరంగు పూసిన ప్రతి చోటా పునరుద్ధరణ జరిగిందని చెప్పుకోవచ్చు.

ఈ విషయంలో కోల్‌కతాకే ఒక గొప్ప గురువు ఉన్నాడు. నగరానికి తూర్పున ఉన్న చిత్తడినేలలు మురుగునీటిని చేపలుగా, కూరగాయలుగా మార్చి తిరిగి నగరానికి పెడుతున్నాయని ప్రపంచానికి చాటినవాడు ధ్రువజ్యోతి ఘోష్. వృత్తిరీత్యా ప్రభుత్వ ఇంజనీరు. అక్కడి జాలరులు ఏ పుస్తకం చదవకుండానే మురుగును శుద్ధి చేస్తున్నారని ఆయన నేల మీద నడిచి తెలుసుకున్నాడు. 1992లో కలకత్తా హైకోర్టు ఆ నేలలకు రక్షణ కల్పించింది. 2002లో 12,500 హెక్టార్లకు రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006లో ప్రత్యేక చట్టం వచ్చింది. పటం, చట్టం, జీవనోపాధి మూడూ ఒకే చోట కలిసినందువల్లే, ఎన్ని ఆక్రమణలు ఎదురైనా ఆ నేలలు ఇంకా మిగిలాయి. మెటియాబ్రుజ్‌లో చట్టం ఉంది. పటం గీయడం సాధ్యమే. పుకుర్‌తో ముడిపడిన జీవనోపాధి ఒకటే తెగిపోయింది. చేపలు పెంచేవాడికి చెరువు ఆస్తి. గది అద్దెకిచ్చేవాడికి చెరువు అడ్డు. ఈ లెక్క మారకుండా ఏ ఉపగ్రహమూ ఏ కుంటనూ కాపాడలేదు. ఒక్కొక్క పుకుర్‌కు వారసులు పలువురు. పూడ్చితే వచ్చే లాభం కళ్లెదుట కనిపిస్తుంది. కాపాడితే వచ్చే లాభం వీధి అందరిది, కాపాడే భారం మాత్రం యజమాని ఒక్కడిది. పన్ను మినహాయింపో, నిర్వహణ భత్యమో, మత్స్య సహకార సంఘానికి దీర్ఘకాలిక కౌలో ఇవ్వకుండా నిషేధం ఒక్కటే విధిస్తే ఆ యజమానే రాత్రికి లారీ పిలుస్తాడు.

చేయవలసినది

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త ఉపగ్రహమూ అక్కర్లేదు. మొదటగా, ఐదు కాఠాలు దాటిన ప్రతి పుకుర్‌కూ ఒక సంఖ్య ఇచ్చి, తేదీ ఉన్న ఉపగ్రహ చిత్రంతో హద్దు గీసి, వార్డులవారీగా బహిరంగ పట్టికలో పెట్టాలి. జాతీయ అట్లాస్‌లో చుక్కలుగా మిగిలిన ఐదున్నర లక్షల జలాశయాలకు హద్దులు గీసే పని దేశమంతటా మొదలుపెట్టవలసినది కూడా ఇలాగే. నీరు తగ్గినట్లు, రంగు మారినట్లు కనిపించిన ప్రతిసారీ హెచ్చరిక నగరపాలక సంస్థకు, పోలీస్ స్టేషనుకు, మత్స్యశాఖకు వెళ్లాలి. అదే క్షణాన బంగ్లాలో, ఉర్దూలో, హిందీలో వార్డు పౌరులకూ తెలియాలి. నిర్ణీత గడువులో తనిఖీ చేయని అధికారి జవాబు చెప్పాలి. కోర్టులో నిలబడేలా ఆ చిత్రాలకు భారతీయ సాక్ష్య అధినియమం కోరే ధ్రువపత్రం ముందే జతచేసి భద్రపరచాలి.

తరువాతిది, కాలాన్ని గౌరవించే న్యాయం. హెచ్చరిక వెలువడిన తరువాత మట్టి పోసినవాడి మీద కఠినంగా ఉండాలి. ఆ మట్టిని అతని ఖర్చుతోనే తీయించాలి. ఎన్నో ఏళ్ల క్రితం పూడిన నేల మీద బతుకుతున్న కుటుంబాలను మాత్రం ప్రత్యామ్నాయం చూపకుండా కదిలించరాదు. వారి భవనాల పటిష్ఠతను పరీక్షించడం ముందు ప్రభుత్వం బాధ్యత. పూడిన పుకుర్ల పాత పటం అందుకు పనికొస్తుంది. ఏ ఇల్లు మెత్తని నేల మీద నిలబడిందో అది చెబుతుంది. తరువాతి మార్చి 17ను నివారించగలిగేది అదే. నైసార్ వంటి రాడార్ ఉపగ్రహాలు నేల కుంగుబాటును సెంటీమీటర్లలో పసిగట్టగలవు. ఆ సామర్థ్యం మంచుపర్వతాలకే పరిమితం కానక్కర్లేదు. దర్జీల పేటకూ రావాలి.

చివరిగా, పునరుద్ధరణను ఒక్క ఫొటోతో తేల్చకూడదు. ప్రారంభోత్సవం నాటి చిత్రంలో ప్రతి చెరువూ నిండుగానే ఉంటుంది. ఐదు వానాకాలాలు, ఐదు వేసవులు దాటాక నీరెంత, అందులో ప్రాణవాయువు ఎంత, చేప ఉందా అన్న లెక్క కావాలి. మొదటిది ఉపగ్రహం చెబుతుంది. మిగిలిన రెండూ చెప్పగలిగినవాళ్లు ఆ గట్టున ఉండే పిల్లలు, ఉపాధ్యాయులు, జాలరులు. వారి చేతికి పరీక్ష పెట్టె ఇవ్వడానికి అయ్యే ఖర్చు ఒక శంకుస్థాపన సభ ఖర్చు కంటే తక్కువ.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అది ఏకరువు పెడుతుంది. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు కావాలంటుంది, గట్టి నేల కావాలంటుంది, నైపుణ్యం గల పనివారు కావాలంటుంది. ఆ పన్నెండింటిలో మొట్టమొదటి స్థానం మాత్రం ధర్మపరుడైన రాజుకు ఇచ్చింది. ఆరున్నర శతాబ్దాల తరువాత నీటి శాస్త్రం అంతరిక్షానికి చేరింది, పండితుడి స్థానంలో ఉపగ్రహం వచ్చి కూర్చుంది. మొదటి అంగం ఖాళీగా ఉంది. మెటియాబ్రుజ్ సందులలో ఈ రాత్రి కూడా ఏదో ఒక పుకుర్ పక్కన లారీ ఆగుతుంది. ఐదు రోజులలో ఆకాశానికి ఆ సంగతి తెలుస్తుంది. కోల్‌కతాలో, ఢిల్లీలో కూర్చున్నవారు తమకూ తెలిసిందని ఒప్పుకునే రోజు ఎప్పుడన్నదే ప్రశ్న.